చిన్న బండికి బరువు టైర్లు వద్దు నాన్నా

చిన్నోడా,

నీ జిమ్నీ బండికి కంపెనీ వేసిన టైర్లు తీయించి ఆఫ్‌రోడ్ టైర్లు వేయిస్తున్నావనీ, అవి రాగానే మట్టి దారులు పట్టి వారం రోజులు తిరిగొస్తావనీ మీ నాన్న ఫోన్లో చెప్పాడు. సంతోషమేసింది. సైకిలు ట్యూబుని బకెట్లో ముంచి బుడగ ఎక్కడ లేస్తుందా అని కళ్లార్పకుండా చూసేవాడివి, ఇవాళ సొంత బండికి టైర్లు ఎంచుకునేంత వాడివయ్యావు. కానీ నువ్వు చూసిపెట్టుకున్నది 235/75 ఆర్ 15 సైజు అనీ, అదీ ఎంటీ, అంటే బురద టైరు అనీ వినగానే గుండె గుభేలుమంది. డబ్బు కట్టకముందే ఈ ఉత్తరం చదువు.

చిన్న సంగతులు ముందే చెప్పేస్తా. కొనాల్సింది నాలుగు కాదు, ఐదు టైర్లు. స్టెప్నీ కూడా అదే కంపెనీ, అదే మోడల్, అదే సైజు. సైడ్‌వాల్ (టైరు పక్కగోడ) మీద బాణం గుర్తుండి ఒకే దిక్కుకి తిరగాల్సిన రకం తీసుకోకు, స్టెప్నీ ఒక పక్కకే పనికొస్తుంది. డ్రైవర్ తలుపు దగ్గరి స్టిక్కర్ మీద టైరు సైజు, గాలి అంకెలు ఉంటాయి; ఫొటో తీసి ఫోన్లో పెట్టుకో.

ఐదూ ఒకటే ఎందుకంటే, నీ బండిలో ముందు ఇరుసుకీ వెనక ఇరుసుకీ మధ్య వేగం తేడాని సర్దే డిఫరెన్షియల్ లేదు. ఫోర్ వీల్ వేసినప్పుడు రెండు ఇరుసులూ ఒకే వేగంతో తిరగాలి. కొత్త టైరొకటి, అరిగిన టైరొకటి కలిపి వేస్తే చుట్టుకొలతలు కలవవు, ఆ తేడా అంతా ట్రాన్స్‌ఫర్ కేసు మీద, అంటే రెండు ఇరుసులకీ ఇంజన్ బలాన్ని పంచే పెట్టె మీద పడుతుంది. ఎనిమిది నుంచి పది వేల కిలోమీటర్లకోసారి ఐదింటినీ ఒక చోటి నుంచి ఇంకో చోటికి వరసగా మార్పించుకుంటే అన్నీ ఒకేలా అరుగుతాయి. ఎండిన తారు రోడ్డు మీద ఫోర్ వీల్ వేయకూడదని నీకు తెలుసు.

ఇక అసలు సంగతికొస్తా. చిన్న ఫోర్ బై ఫోర్ కొన్నవాళ్లు ఎప్పట్నుంచో చేస్తున్న తప్పొకటి ఉంది. రెండు టన్నుల పైబడిన బండ్ల కోసం తయారైన టైరు తెచ్చి చిన్న బండికి తొడుగుతారు. చూడ్డానికి బాగుంటుంది, ఫొటోలో బండి ఎత్తుగా కనిపిస్తుంది. ఇబ్బందులన్నీ ఆ తర్వాత మొదలవుతాయి.

లెక్క చూడు. నీ జిమ్నీ ఖాళీగా 1100 నుంచి 1200 కిలోలు తూగుతుంది. కంపెనీ టైరు 195/80 ఆర్ 15. దాని మీద 96 అని ఉంటే ఒక్కో టైరు 710 కిలోలు మోయగలదని అర్థం. నాలుగూ కలిపితే 2840. మనుషులూ సామానూ నిండా ఎక్కించినా నీ బండి దాని దరిదాపులకి కూడా రాదు. అలాంటప్పుడు 900 కిలోలు మోసే 104 లోడ్ ఇండెక్స్ టైరు దేనికి? బలం ఎక్కువైతే మంచిదేగా అంటావు. కాదు నాన్నా. ఆ బలం మందపాటి సైడ్‌వాల్ నుంచి వస్తుంది, ఎక్కువ పొరల నుంచి వస్తుంది. ఇసుకలో, రాళ్ల మీద టైరు పట్టు దొరికేది అది నలిగి నేల మీద పొడుగ్గా పరుచుకున్నప్పుడే. గాలి తగ్గించేది అందుకే. బక్కవాడు గట్టి పరుపు మీద పడుకుంటే పరుపు దిగదు చూడు, తేలిక బండి కింద ఆ టైరూ అంతే, నలగదు. గాలి ఒత్తిడి 18 పీఎస్ఐకి దించినా నిటారుగానే నిలబడి ఉంటుంది. అది నలగాలంటే ఇంకా ఇంకా దించాలి. అప్పటికి బీడ్‌ని, అంటే టైరు లోపలి అంచుని రిమ్ముకి అదిమిపెట్టే గాలి ఉండదు, ఒక్క మలుపులో బీడ్ ఊడి టైరు మొత్తం ఖాళీ అయిపోతుంది. కంపెనీ టైరు వేసుకున్నవాడు హాయిగా దాటిపోయిన ఇసుకలో, ఖరీదైన టైరు వేసుకున్నవాడు గుంటలు తవ్వుకుంటూ కూర్చోవడానికి కారణం ఇదే.

ఇప్పుడు ఎత్తు సంగతి. 195/80 ఆర్ 15 టైరు వ్యాసం సుమారు 693 మిల్లీమీటర్లు. 235/75 ఆర్ 15ది 733. తేడా నలభై. ఇరుసు కింద పెరిగేది అందులో సగం, అంటే రెండు సెంటీమీటర్లు. దానికి నువ్వు ఇచ్చుకునేది చూడు. చుట్టుకొలత దాదాపు 6 శాతం పెరుగుతుంది కాబట్టి ప్రతి గేరూ అంత పొడవైనట్టే. లో రేంజ్‌లో, అంటే నిదానపు గేర్లలో, మెల్లగా పాకాల్సిన చోట బండి కాస్త వేగంగా పోతుంది, దిగుడులో ఇంజన్ పట్టు తగ్గుతుంది. చిన్న ఇంజన్‌కి ఆ 6 శాతం చిన్నదేం కాదు, ఎత్తెక్కేటప్పుడు తెలుస్తుంది. స్పీడోమీటరూ ఆ మేరకు తక్కువ చూపిస్తుంది. ఒక్కో చక్రానికి నాలుగైదు కిలోల బరువు పెరగడం మామూలే, అది కూడా అంచున తిరిగే బరువు. పరుగు అందుకోవాలన్నా ఆగాలన్నా ఆ బరువుతోనే పని, బ్రేకులేమో పాతవే. వెనక తలుపుకి వేలాడే స్టెప్నీ కూడా బరువెక్కి, గతుకుల్లో కీళ్లని లాగేస్తుంది. తలుపు దిగిపోయి గొళ్లెం సరిగ్గా పడకపోవడం అక్కడే మొదలవుతుంది.

రిమ్ము సంగతి ఎవరూ చెప్పరు. నీ రిమ్ము వెడల్పు అయిదున్నర అంగుళాలు. 235/75కి కనీసం ఆరు కావాలి. సన్న రిమ్ము మీద వెడల్పు టైరు ఎక్కిస్తే ట్రెడ్ (నేలకి తగిలే భాగం) మధ్యలో ఉబ్బుతుంది, నడిమి భాగమే అరుగుతుంది, మలుపులో సైడ్‌వాల్ అటూ ఇటూ ఊగుతుంది. దానికోసం బయటికి పొడుచుకొచ్చే వెడల్పు రిమ్ములు కొంటే వీల్ బేరింగ్‌ల మీద భారం పెరుగుతుంది. ఒక తప్పుని సర్దడానికి ఇంకోటి, దాన్ని సర్దడానికి సస్పెన్షన్ ఎత్తడం, ఇలా పోతూనే ఉంటుంది.

నా మాట వింటే 215/75 ఆర్ 15 తీసుకో. వ్యాసం 703, అంటే పాతదానికంటే పది మిల్లీమీటర్లే ఎక్కువ. స్పీడోమీటర్ తేడా ఒకటిన్నర శాతం. అయిదున్నర అంగుళాల రిమ్ముకి సరిపోతుంది. లేదంటే కంపెనీ సైజులోనే మంచి ఏటీ టైరు, అంటే తారుకీ మట్టికీ పనికొచ్చేది వేసుకో, అందులో చిన్నతనమేం లేదు. ఒకే సైజులో ఎల్‌టీ (లైట్ ట్రక్కు) అని ఉన్నదీ లేనిదీ రెండూ దొరికితే లేనిదే తీసుకో. కొనే ముందు టైరు తూకం ఎంతో అడుగు. చెప్పకపోతే తూచమను.

రకం విషయంలో గట్టిగానే చెప్తా, ఏమనుకోకు. హెచ్‌టీ తారు రోడ్డుకి, ఎంటీ బురదకి, ఏటీ ఈ రెంటికీ మధ్య. ఎంటీలో పెద్ద పెద్ద దిమ్మెలు, వాటి మధ్య వెడల్పాటి ఖాళీలు. జిగట మట్టిలో చక్రం తిరుగుతుంటే ఆ ఖాళీల్లోంచి బురద ఎగిరిపోయి ట్రెడ్ మళ్లీ శుభ్రమవుతుంది. ఆ పనికి దాన్ని మించింది లేదు. కానీ నువ్వు వెళ్లే దారిలో అలాంటి బురద ఎంత? వెళ్లడానికీ రావడానికీ తారు రోడ్డే ఎక్కువ. వాన పడ్డ తారు మీద పట్టు ఇచ్చేవి ట్రెడ్ దిమ్మెల మీది సన్నటి చీలికలు. ఎంటీలో అవి తక్కువ, రోడ్డుకి తగిలే రబ్బరూ తక్కువ. తేలిక బండి, తడి రోడ్డు, ఎంటీ టైరు, పైగా వెనకాల ఖాళీగా ఉన్న డిక్కీ: బ్రేకు నొక్కితే జారుతుంది. నాకు భయమంతా ఎక్కడో అడవిలో ఇరుక్కుంటావని కాదు. ఇరుక్కుంటే పార ఉంటుంది, తాడు ఉంటుంది, పొద్దున్నే ఎవరో ఒకరు వస్తారు. అలసిపోయి తిరిగొచ్చేటప్పుడు వానలో ఎవరో అడ్డం వస్తే బండి ఆగాలి. ఆ ఒక్క క్షణం కోసం టైరు ఎంచుకో.

సైడ్‌వాల్ చదవడం నేర్చుకో. డీఓటీ అన్న వరుస చివర నాలుగంకెలు ఉంటాయి. 2324 అంటే 2024లో 23వ వారం తయారైందని. ఆ నాలుగంకెలు చాలా టైర్లకి ఒకవైపే ఉంటాయి, కాబట్టి రిమ్ముకి ఎక్కించకముందే చూడు. ఐదింటి తేదీలూ దగ్గర దగ్గరగా ఉండాలి. ఏళ్ల తరబడి గోదాములో పడున్నది చవగ్గా ఇస్తానన్నా వద్దను. రబ్బరు వాడకపోయినా గట్టిపడుతుంది. లోడ్ అంకె పక్కన ఉండే అక్షరం వేగం హద్దు: క్యూ అంటే 160, ఎస్ అంటే 180 కిలోమీటర్లు. మంచు దారులకి వెళ్తే మూడు శిఖరాల కొండలో మంచుపువ్వు గుర్తు ఉందో లేదో చూడు. ఆ గుర్తు మంచు మీద పరీక్ష నెగ్గినవాటికే వేస్తారు. ఎం ప్లస్ ఎస్ (బురద, మంచు) అన్న అక్షరాలు ట్రెడ్ ఆకారాన్ని బట్టి కంపెనీ తనంతట తాను వేసుకునేవి.

బిగించే రోజు దగ్గరుండు. వాల్వులు ఐదూ కొత్తవి వేయించు, పాత వాల్వుతో కొత్త టైరు గాలి పోగొట్టుకోకు. బ్యాలెన్సింగ్ విషయంలో రాజీ పడకు. ముందువైపు గట్టి ఇరుసు ఉన్న బండిలో చక్రం బరువు కాస్త అటూ ఇటూ అయినా ఒక వేగం దగ్గర స్టీరింగ్ గడగడా వణకడం మొదలెడుతుంది. బ్యాలెన్స్ చేశాక కూడా వణికితే ముందు చక్రాలు తిరిగే చోట ఉండే కింగ్‌పిన్ బేరింగ్‌లూ బుష్‌లూ చూపించు. తర్వాత స్టీరింగ్ ఈ చివరికీ ఆ చివరికీ తిప్పి మడ్‌ఫ్లాప్‌కీ లోపలి ప్లాస్టిక్‌కీ తగులుతోందేమో చూడు. అక్కడితో ఆపకు. ఒక ముందు చక్రాన్ని దిమ్మె మీదికి ఎక్కించి, సస్పెన్షన్ నలిగి ఉండగా మళ్లీ తిప్పి చూడు. చదునైన నేల మీద తగలనిది అక్కడ తగులుతుంది. నట్లు ఎదురెదురుగా బిగించాలి, హ్యాండ్‌బుక్‌లో ఉన్న టార్క్‌కి, అంటే బిగింపు బలానికి. 50 నుంచి 100 కిలోమీటర్లు నడిచాక మళ్లీ ఒకసారి. మొదటి రెండు మూడొందల కిలోమీటర్లు మెల్లగా నడుపు, కొత్త రబ్బరు పైపొర కాస్త జారుతుంది.

గాలి సంగతి. తారు మీద స్టిక్కర్‌లో ఉన్నంత, టైర్లు చల్లగా ఉన్నప్పుడే కొలవాలి. సైజు మారింది కాబట్టి సుద్దముక్కతో పరీక్షించు: ట్రెడ్ మీద ఈ అంచు నుంచి ఆ అంచుకి గీత గీసి తిన్నగా కాస్త దూరం నడిపి చూడు. మధ్యలోనే చెరిగితే గాలి ఎక్కువ, అంచుల్లోనే చెరిగితే తక్కువ. అయినా పెద్ద రోడ్డు మీద స్టిక్కర్ అంకె కంటే కిందికి పోవద్దు. కంకర దారికి 22 పీఎస్ఐ, రాళ్లకి 18, మెత్తటి ఇసుకకి 15. పదిహేనుకి దించాక వేగం గంటకి ముప్పై కిలోమీటర్లు దాటొద్దు, స్టీరింగ్ గబుక్కున కోయొద్దు.

ఇప్పుడు చెప్పేది మాత్రం ఫోన్లో కూడా రాసిపెట్టుకో. మట్టి దారి అయిపోయి తారు ఎక్కే చోటే ఆగి గాలి నింపుకో. తర్వాత పెట్రోలు బంకులో నింపుకుందాంలే అనుకోకు. తక్కువ గాలితో వేగంగా పోతే సైడ్‌వాల్ ప్రతి చుట్టుకీ నలుగుతుంది, నలిగినకొద్దీ వేడెక్కుతుంది, ఆ వేడికి లోపలి దారాల్నీ రబ్బరునీ పట్టి ఉంచే బంధం వదులైపోతుంది. బయటికేం కనబడదు. కాసేపు బాగానే పోతున్నట్టు ఉండి ఉన్నట్టుండి పేలుతుంది. కాబట్టి టైర్ల కంటే ముందు కంప్రెసర్ కొను, బ్యాటరీకి నేరుగా తగిలించేది. పెద్ద కంప్రెసర్‌ని లైటర్ సాకెట్లో పెడితే ఫ్యూజు పోతుంది. నింపేటప్పుడు ఇంజన్ ఆన్‌లో ఉంచు. గేజి వేరేగా ఒకటి పెట్టుకో.

పంక్చర్ ప్లగ్ ట్రెడ్‌లో దిగిన మేకుకే. సైడ్‌వాల్ తెగితే ప్లగ్ వేసి నడపాలని చూడకు, స్టెప్నీ వేసెయ్. జాకీ కింద పెట్టడానికి మందపాటి చెక్కపలక ఒకటి బండిలోనే ఉంచు. మెత్తటి నేలలో పలక లేకపోతే బండి లేవదు, జాకీ దిగబడుతుంది. రోజూ సాయంత్రం నాలుగు చక్రాల లోపలి వైపు చేత్తో తడిమి చూడు. కోత కళ్లకి ఆనకపోయినా చేతికి తగులుతుంది.

కోపగించుకున్నానని అనుకోకు. నువ్వు వెళ్లడం నాకిష్టమే. డబ్బు కట్టే ముందు మాత్రం టైరు సైడ్‌వాల్ ఫొటో రెండు వైపులా తీసి నాకు పంపు, సైజూ లోడ్ అంకే తేదీ కోడూ కనబడేలా. ఎంత రాత్రయినా పర్లేదు, చూసి చెప్తా.

మీ అత్తయ్య