బ్రెజిల్ అమ్మాయికి వీసా ఒక్కటే చాలదు, టీకా కార్డు కూడా కావాలి

ప్రశ్న: మాది కాకినాడ. హైదరాబాద్‌లో ఉద్యోగం. నేను ప్రేమించిన అమ్మాయిది బ్రెజిల్, సావో పాలో. డిసెంబర్‌లో మా చెల్లి పెళ్లికి వచ్చి ఐదు వారాలు మా ఇంట్లోనే ఉంటుంది. 30 రోజుల ఈ-వీసా సరిపోతుందా? అమెరికా మీదుగా వచ్చే టికెట్ చవగ్గా ఉంది, తీసుకోమంటారా? పనిలో పనిగా రిజిస్టర్ మ్యారేజ్ చేసుకోవచ్చా?

జవాబు: ముందు ఆ టికెట్ పక్కన పెట్టండి. అమెరికాలో విమానం మారాలంటే ఎయిర్‌పోర్ట్ బయటకి అడుగు పెట్టకపోయినా ఇమ్మిగ్రేషన్ దాటాల్సిందే, బ్రెజిల్ పాస్‌పోర్ట్‌తో అయితే దానికి సీ-1 ట్రాన్సిట్ వీసా కావాలి, ఆ ఫీజూ ఇంటర్వ్యూ తిప్పలూ కలిపితే మీరు మిగుల్చుకున్నది ఏమీ ఉండదు. దుబాయ్, దోహా మీదుగా రమ్మనండి, అక్కడ బ్రెజిల్ వాళ్లకి ఆ బాధ లేదు. ఢిల్లీలో దిగి విడి టికెట్‌తో హైదరాబాద్ వచ్చేట్టయితే మాత్రం ఇమ్మిగ్రేషన్, సామాను, కస్టమ్స్ అన్నీ ఢిల్లీలోనే అవుతాయి, మధ్యలో నాలుగైదు గంటలు ఉంచుకోండి.

ఐదు వారాలంటే 35 రోజులు. 30 రోజుల ఈ-టూరిస్ట్ వీసాకి ఆమె ఇండియాలో దిగిన రోజు నుంచి లెక్క, దాన్ని పొడిగించరు. ఏడాది వీసాకి అప్లై చేయించండి. గడువు దాటి ఉంటే 2025 సెప్టెంబర్ 1 నుంచి అమల్లోకి వచ్చిన ఇమ్మిగ్రేషన్ అండ్ ఫారినర్స్ చట్టం కింద మూడేళ్ల దాకా జైలు, 3 లక్షల దాకా జరిమానా రాసి ఉంది. సైట్ అడ్రస్ గవ్ డాట్ ఇన్‌తో ముగియాలి, గూగుల్‌లో పైన కనిపించేవి చాలావరకు ఏజెంట్లవే. బ్రెజిల్ వాళ్ల పేర్లకి తల్లి ఇంటిపేరు, తండ్రి ఇంటిపేరు రెండూ ఉంటాయి కదా, పాస్‌పోర్ట్‌లో ఏది ఏ గడిలో ఉందో ఫారంలోనూ అలాగే నింపమనండి. ఇండియాలో దిగే ముందు 72 గంటల్లోపు ఈ-అరైవల్ కార్డ్ కూడా నింపాలి, దానికి డబ్బులేమీ కట్టక్కర్లేదు.

ఇక మీరు అడగని సంగతి, నాకు భయమంతా దీని గురించే. బ్రెజిల్ ఎల్లో ఫీవర్ దేశాల జాబితాలో ఉంది. అక్కణ్నుంచి వచ్చేవాళ్లు టీకా వేయించుకుని పది రోజులు నిండాలి, అంతర్జాతీయ సర్టిఫికెట్ చేతిలో ఉండాలి, లేకపోతే వీసా ఎంత పక్కాగా ఉన్నా ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టొచ్చు. చెల్లి పెళ్లి ఆ ఆరు రోజుల్లోనే ఉంటే ఇక చెప్పేదేముంది! వాళ్ల ఊరి హెల్త్ సెంటర్‌లో ఇచ్చే మామూలు టీకా కార్డు చెల్లదు, అన్విసా (బ్రెజిల్ ఆరోగ్య నియంత్రణ సంస్థ) పేరుతో వచ్చే సర్టిఫికెట్టే కావాలి. ఇంకో మెలిక ఉంది. 2018లో సావో పాలోలో టీకా కొరత వల్ల చాలామందికి తక్కువ మోతాదు వేశారు, ఆ డోసుకి అంతర్జాతీయ సర్టిఫికెట్ ఇవ్వరు. కార్డు ఫొటో ఈ రోజే వాట్సాప్‌లో తెప్పించుకుని చూడండి. ఫుల్ డోసు అయితే జీవితాంతం పనికొస్తుంది.

పెళ్లికాకుండా ఇంట్లో ఉంచుకోవడం గురించి మీ వాళ్లు ఏమైనా అనుకోవచ్చు గానీ చట్టానికి అభ్యంతరం లేదు. కాకపోతే ఆమె వచ్చిన 24 గంటల్లో మీరు ఈ-ఎఫ్ఆర్ఆర్ఓ (విదేశీయుల రిజిస్ట్రేషన్ ఆఫీసు) సైట్‌లో సమాచారం ఇవ్వాలి, హోటల్ వాళ్లు 'ఫారం సి' అంటుంటారే, అదే. పెళ్లి హడావుడిలో మర్చిపోయేది ఇదే. కాకినాడ వెళ్తే అక్కడి చిరునామాతో మళ్లీ ఇవ్వండి.

రిజిస్టర్ మ్యారేజ్ ఈ ట్రిప్‌లో వద్దంటాను. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద మీ ఇద్దరిలో ఒకరు ఆ జిల్లాలో 30 రోజులు ఉండాలి, హైదరాబాద్‌లో మీరు ఉన్నారు కాబట్టి అది సరే. కానీ నోటీసు ఇచ్చాక అభ్యంతరాల కోసం ఇంకో 30 రోజులు ఆగాలి. వచ్చిన మర్నాడే నోటీసు ఇచ్చినా చివరికి మిగిలేది మూడు నాలుగు రోజులు, అందులో ఆదివారం పడినా పడొచ్చు. పైగా ఆమె అవివాహిత అన్న పత్రం బ్రెజిల్‌లో అపోస్టిల్ (వేరే దేశాల్లో చెల్లేలా వేసే అధికారిక ధ్రువీకరణ) చేయించి, పోర్చుగీసు నుంచి ఇంగ్లీషులోకి అనువాదం తెచ్చుకోవాలి, అవి లేకుండా మ్యారేజ్ ఆఫీసర్ ఫైలు ముట్టుకోరు. ఆ కాగితాలు ఈసారి వచ్చేటప్పుడే తెమ్మనండి, వాటిని చూసి వచ్చే ట్రిప్‌కి నోటీసు తేదీ చెప్తాను.