కాస్మిక్ కిరణాలకు అంత శక్తి ఎక్కడిది?

విశాఖ ఆర్కే బీచ్‌లో నిలబడినా మన ఒంట్లోంచి మ్యూయాన్లనే సూక్ష్మ కణాలు దూసుకుపోతుంటాయి కదా, వాటిని పుట్టించే కాస్మిక్ కిరణాలకు, అంటే అంతరిక్షం నుంచి వచ్చే కణాలకు (ఎక్కువగా ప్రోటాన్లు), అంత శక్తి ఎలా వస్తుందని మీ ప్రశ్న.

ప్రధాన అనుమానం సూపర్నోవా శిథిలాల మీదే. పేలిన నక్షత్రపు పదార్థం సెకనుకు వేల కిలోమీటర్ల వేగంతో విస్తరిస్తూ షాక్ తరంగాన్ని లేపుతుంది. అయస్కాంత క్షేత్రాల్లో చిక్కిన ప్రోటాన్ ఆ షాక్‌ను అటూ ఇటూ దాటుతూ, ఎదురొచ్చే బ్యాటుకు తగిలిన బంతిలా, ప్రతిసారీ కాస్త శక్తి పుంజుకుంటుంది. ఒక్కసారికి దక్కేది తక్కువే, కానీ ఈ ఆట వందల ఏళ్లు సాగుతుంది.

రుజువే కష్టం. విద్యుదావేశం ఉన్న ప్రోటాన్లు దారిలోని అయస్కాంత క్షేత్రాల వల్ల వంకర్లు తిరుగుతాయి, దిక్కు చూసి మూలం చెప్పలేం. అయితే అవి చుట్టూ ఉన్న వాయువును ఢీకొంటే తటస్థ పయాన్లనే క్షణికమైన కణాలు పుట్టి, వెంటనే గామా కిరణాలుగా మారతాయి. ఆవేశం లేని ఈ కిరణాలు తిన్నగా వస్తాయి. ఐసీ 443, డబ్ల్యూ 44 అనే సూపర్నోవా శిథిలాల నుంచి వచ్చే గామా కిరణాల్లో ఆ పయాన్ల ముద్ర దొరికిందని 2013లో ఫెర్మీ అనే గామా కిరణాల అంతరిక్ష టెలిస్కోపు బృందం ప్రకటించింది. అత్యధిక శక్తి కణాలూ వీటివేనా అన్నది మాత్రం ఇంకా తేలలేదు.