మోడల్ ఏ దశలో చేయాలి?

ప్రశ్న: నేను ఆర్కిటెక్చర్ రెండో సంవత్సరం విద్యార్థిని. ప్రతి డిజైన్ ప్రాజెక్టుకూ చివరి రాత్రంతా మేలుకుని మోడల్ చేస్తాను. అది శుభ్రంగానే ఉన్నా, భవనం గురించి ఏమీ చెప్పడం లేదని అధ్యాపకులు అంటున్నారు. లోపం ఎక్కడుంది?

జవాబు: డిజైన్ పూర్తయ్యాక చేసే పనిగా మీరు మోడల్‌ను భావిస్తున్నట్టుంది; చిక్కంతా అక్కడే ఉంది. స్థలంలో భవనం ఎలా ఇముడుతుందో తేల్చుకోవడానికి 1:500 స్కేలులో (అంటే అసలు కొలతలో 500వ వంతు), తోచిన ఆకారాలన్నీ అట్టతో కోసి పక్కపక్కనే పెట్టి చూడండి. గదుల్లోకి వెలుగు ఎలా వస్తుందో తెలియాలంటే కనీసం 1:50 కావాలి. పైకప్పు విడిగా తీసేలా చేసి, మోడల్‌ను ఎండలో పెట్టి, తలుపు సందులోంచి లోపలికి చూస్తే, ప్లాన్‌లో కనిపించని చీకటి మూలలు బయటపడతాయి. బార్సిలోనా దగ్గరి కొలోనియా గ్వెల్ చర్చి కోసం స్పెయిన్ ఆర్కిటెక్ట్ గౌడీ దారాలకు బరువు సంచులు వేలాడదీసి, ఆ వంపులను తలకిందులుగా చూసి ఆర్చీల ఆకారాన్ని రాబట్టారు. మోడల్‌తో ఆలోచించడమంటే నా దృష్టిలో అదే.

అట్ట మందం కూడా డిజైన్‌లో భాగమే. 5 మిల్లీమీటర్ల ఫోమ్ బోర్డు 1:100 స్కేలులో అర మీటరు మందపు గోడ అవుతుంది కనుక, 20 సెంటీమీటర్ల గోడకు 2 మిల్లీమీటర్ల బోర్డు వాడండి. మూలల దగ్గర ఆ మందాన్ని ఒక ముక్కలో తగ్గించి కోయకపోతే కొలతలు తప్పుతాయి. కొత్త బ్లేడుతో, ఇనుప స్కేలు ఆనించి, ఒక్కసారిగా నొక్కకుండా తేలికగా రెండు మూడుసార్లు గీస్తే అంచు చిరగదు.

సమీక్షకు వెళ్లేటప్పుడు, పక్కన పెట్టేసిన అట్ట మోడళ్లను కూడా తీసుకెళ్లి, దేన్ని ఎందుకు వదిలేశారో చెప్పండి.