వెనుక షెడ్డు తాళం తీసే ముందు

సోలాపూర్

చిరంజీవి బిడ్డకు మీ తాత ఆశీస్సులు.

నువ్వు పుణేలో ఉద్యోగం మానుకొని వచ్చి, మన ఇంటి వెనుక షెడ్డులో పదకొండేళ్లుగా తాళం కింద ఉన్న నాలుగు సాంచాలను, అంటే మరమగ్గాలను, బాగుచేయించి తువ్వాళ్లు నేయించాలని అనుకుంటున్నావని మొన్న రాత్రి మీ నాయన చెప్పినప్పుడు, నేను మారుమాట లేకుండా ఫోన్ పెట్టేశాను. నాకు కోపం వచ్చిందని వాడు అనుకున్నాడట. కోపం కాదు. ఆ రాత్రి రెండుసార్లు లేచి, టార్చిలైటు వేసుకొని షెడ్డు దాకా వెళ్లి, తాళాన్ని చేత్తో పట్టుకొని చూసి తిరిగి వచ్చాను. నా కొడుకులిద్దరూ వద్దనుకున్న పనిని మనవరాలు కోరి అడుగుతోందన్న సంతోషం ఒక పక్క, ఆ షెడ్డులో ఏం జరిగిందో తెలిసినవాడిని గనుక భయం ఒక పక్క నన్ను పడుకోనివ్వలేదు. నోటితో చెబితే సగం మింగేస్తాను కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను.

చిన్న పరిశ్రమలకిచ్చే ఉద్యమ్ నమోదు, జీఎస్టీ నంబరు, వేరే బ్యాంకు ఖాతా, కరెంటు మీటరు వంటివి నాకంటే నీకే బాగా తెలుసు. వాటిలో ఒక్కటి మాత్రం చెబుతాను. మనలాంటి చిన్న ఉత్పత్తిదారుల దగ్గర కొన్నవాడు, రాసుకున్న గడువు ఎంతైనా సరే, సరుకు తీసుకున్న 45 రోజులలోపు డబ్బు కట్టి తీరాలని 2006 నాటి చట్టం చెబుతోంది. ఆ మాటను ప్రతి బిల్లు కింద అచ్చువేయించు. మా కాలంలో వ్యాపారి "దీపావళి తర్వాత చూద్దాం" అంటే, ఏ దీపావళి అని అడిగే ధైర్యం కూడా మాకు ఉండేది కాదు.

నీ లెక్కల కాగితం కూడా మీ నాయన పంపాడు. చక్కగా గళ్లు గీసి, రంగులు వేసి తయారు చేశావు. కానీ అందులో నెలకు ముప్పై రోజులు, రోజుకు రెండు షిఫ్టులు, నాలుగు సాంచాలూ ఆగకుండా నడిచినట్టు వేశావు. ఈ ఊళ్లో పుట్టి పెరిగిన పిల్లవేనా నువ్వు? సంక్రాంతికి సిద్ధేశ్వరుని గడ్డా జాతర జరుగుతుంటే నీ షెడ్డులో నిలబడేది ఎవరు? శ్రావణ పౌర్ణమి నాడు మార్కండేయుని రథం వీధుల్లోకి వస్తే, నేతగాడు నీ సాంచా దగ్గర ఉంటాడా, రథం దగ్గర ఉంటాడా? చిన్నప్పుడు నా భుజాల మీద కూర్చొని ఆ రథాన్ని చూసినదానివి, ఆ రోజును కాగితం మీద పనిదినంగా ఎలా రాశావమ్మా? ఎండాకాలంలో గాలి ఎండిపోయి నూలు పటపట తెగుతుంది, నేల తడిపి తేమ నిలపాలి, మన కొళాయికి నీళ్లేమో రోజు విడిచి రోజు కూడా రావు. కాబట్టి ఏప్రిల్, మే నెలల లెక్కను తగ్గించి మళ్లీ వేయి. వాయిదా తేదీలను పండుగకు ముందు రోజుకు ఒప్పుకోకు. ఎందుకు ఇంతగా చెబుతున్నానో కింద రాస్తాను.

నేతగాళ్లు ప్రకటన వేస్తే రారు. మా నాయన కరీంనగర్ వైపు నుంచి వచ్చి జూనీ మిల్లులో చేరినప్పుడు ఆయనను తీసుకువెళ్లింది పక్కింటి మేనమామ. 1877లో మొదలైన ఆ మిల్లు మూతపడింది, దాని తర్వాతి మిల్లులూ మూతపడ్డాయి, వాడకట్టంతటినీ నిద్రలేపే భోంగా, అదే మిల్లు సైరన్, ఆగిపోయింది. అయినా పని ఇప్పటికీ బంధువు చెప్పిన మాట మీదనే దొరుకుతుంది, పోతుంది. అందుచేత నీ షెడ్డు గురించి మొదట తెలుసుకునేది ఊళ్లోని మగవాళ్లు కాదు, గడపలో ఒడిలో చేట పెట్టుకొని బీడీలు చుట్టే వాళ్ల ఇంటి ఆడవాళ్లు. వెయ్యి బీడీల కూలి, సాంచా కూలి రెండూ కలిస్తేనే వాళ్లకు వారం గడుస్తుంది. వారం కూలిని ఒక్క పూట ఆలస్యం చేసినా ఆ సంగతి సాయంత్రానికల్లా సాఖర్ పేఠ్ నుంచి అశోక్ చౌక్ దాకా పాకిపోతుంది. మనిషి వేరేచోటికి పోకుండా ఉండాలని పెద్ద అడ్వాన్సు ఇచ్చి కట్టేసే పద్ధతి కొందరికి ఉంది. నువ్వు ఆ పని చేయకు. అప్పుతో కట్టుబడినవాడు సాంచాలో లోపం కనబడినా నీతో చెప్పడు.

ఇప్పుడు ఈ ఉత్తరం ఎందుకోసం మొదలుపెట్టానో ఆ సంగతి రాస్తాను.

మిల్లు వదిలి, రెండు పాత సాంచాలు కొని, ఈ షెడ్డు వేసిన కొత్తలో నా దగ్గర నేసిన మనిషి నాకంటే ఆరేళ్లు పెద్దవాడు. మిల్లులో నాకు ముడి వేయడం దగ్గర నుంచి పని నేర్పినవాడు. అన్నా అని పిలిచేవాడిని. ఆ ఏడు దీపావళికి ముందు ఒక వ్యాపారికి తువ్వాళ్లు ఇస్తానని తేదీ ఒప్పుకొని, ఖర్చు కలిసొస్తుందని చౌక నూలు కొన్నాను. తువ్వాలు సాంచాకు పడుగు చుట్టిన బీములు రెండు ఉంటాయని నీకు తెలుసు. నేతను పట్టి ఉంచేది బిగుతుగా, లూపులు లేచేది వదులుగా నడుస్తాయి. ఆ వదులు పడుగులో చౌక నూలు పది నిమిషాలకొకసారి తెగేది. తెగినప్పుడల్లా పోగు అతకాలంటే అచ్చు ముందు అడ్డంగా ఉండి షటిల్ బయటికి ఎగరకుండా ఆపే కడ్డీని, అదే షటిల్ గార్డును, పైకెత్తాలి. దాని మడతబందు తుప్పుపట్టి ఎత్తితే దిగేది కాదు, దించితే లేచేది కాదు. బాగుచేయించమని అన్న రెండుసార్లు అడిగాడు. బాగుచేయించాలంటే సగం రోజు సాంచా ఆపాలి. నేను పానా తెచ్చి బోల్టులు విప్పి, ఆ కడ్డీని మొత్తంగా తీసేసి, "రెండు రోజులు ఆగు అన్నా, పండుగ కాగానే బిగిద్దాం" అన్నాను. ఆయన కడ్డీ వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసి, మోటారు వేశాడు. ఆ కడ్డీని పెరట్లో రెండు మేకుల మీద పెట్టాను. మీ నానమ్మకు సంగతి తెలియక, దాని మీద తడి తువ్వాలు ఆరవేసింది.

మూడో రోజు దీపాలు పెట్టే వేళకు ఒక లూపు పోగు తెగి పక్క పోగులకు చుట్టుకుంది. పేక పోగును మోసే షటిల్ నిమిషానికి నూరుసార్లకు పైగా అటూ ఇటూ పరుగెత్తుతుంది, దాని రెండు కొసలకూ ఇనుప మొనలు ఉంటాయి. చిక్కుపడిన పడుగు మీదికెక్కి అది దారి తప్పింది. నేను బయట బిల్లు రాస్తున్నాను. సాంచా చప్పుడులో ఒక దెబ్బ తప్పిపోవడం విన్నాను, ఆ తర్వాత కేక విన్నాను. ఆయన ఎడమ కన్ను పోయింది.

నేను తప్పు చేశానని నువ్వు ఇప్పటికే అనుకొని ఉంటావు. అసలు తప్పు ఇంకా రాయలేదు. వారం తర్వాత మార్కండేయ మందిరంలో కులపెద్దలు కూర్చొని, ఎలా జరిగిందని నన్ను అడిగారు. అప్పటికి నేను ఆ కడ్డీని మళ్లీ సాంచాకు బిగించేశాను. "వెనక్కి తిరిగి ఎవరితోనో మాట్లాడుతున్నాడు, వంగి ఉన్నాడు" అని చెప్పాను. కంటికి కట్టుతో ఆయన అక్కడే కూర్చొని ఉన్నాడు. పెద్దలు ఆయన వైపు తిరిగితే, "నాదే పరాకు" అన్నాడు. ఎందుకు అలా అన్నాడో ఆయన బతికి ఉన్నన్నాళ్లూ అడగలేకపోయాను. వైద్యం ఖర్చు, ఆరు నెలల కూలి ఇమ్మన్నారు, ఇచ్చాను. నాది కాని తప్పుకు అంత ఇచ్చానని వాడకట్టులో నాకు మంచి పేరు వచ్చింది. ఆ పేరుతోనే తర్వాతి రెండు సాంచాలకు అప్పు పుట్టింది.

ఆయన ఒంటికన్నుతో మళ్లీ మన షెడ్డుకే కండెలు చుట్టడానికి వచ్చాడు. ప్రతి ఉదయం కూర్చునే ముందు నాలుగు సాంచాల కడ్డీలనూ వరుసగా చేత్తో ముట్టి, కదిపి చూసేవాడు. 2006లో బీడీ కార్మిక మహిళల కోసం కుంభారి దగ్గర కట్టిన పదివేల ఇళ్లలో ఒకటి ఆయన భార్యకు వచ్చింది. అక్కడి నుంచి కూడా సైకిలు మీద వచ్చేవాడు. ఆయన చనిపోయిన వారంలోనే నేను షెడ్డుకు తాళం వేశాను. నూలు ధర పెరిగిందని మీ నాయనకు చెప్పాను. ధర పెరిగిన మాట నిజమే గాని, అంతకుముందు ఎన్నిసార్లు పెరగలేదు?

పోయిన సంక్రాంతి తర్వాత కుంభారి వెళ్లి ఆయన భార్యకు అంతా చెప్పాను. ఆమె ఒడిలోని చేట దించలేదు, ఆకు కత్తిరించడం ఆపలేదు. "ఆ కడ్డీ మీద చెల్లె తువ్వాల ఆరేసిన నాడే నేను చూసిన తమ్మీ" అంది.

అందుకని బిడ్డా, నీ లెక్కల కాగితంలో మొదటి ఖర్చు నూలు కాదు, నాలుగు కొత్త షటిల్ గార్డులు. షటిల్‌ను తోసే పిక్కింగ్ పట్టీలు వదులయ్యాయా, పికర్లు అరిగాయా, షటిల్ పెట్టెలో ఆట ఎక్కువగా ఉందా అన్నది మిస్త్రీ చెప్పినా నమ్మక నువ్వే చేయి పెట్టి చూడు. మోటారు ఆపి, స్విచ్చు దగ్గర మనిషిని నిలబెట్టి చూడు. పనికి అడ్డంగా ఉందని కడ్డీని తీయమని నేతగాడే నిన్ను అడుగుతాడు. బతిమాలుతాడు, నవ్వుతాడు, ఆడపిల్ల భయం అంటాడు. తీయకు. ఆ కడ్డీ బాగులేని రోజు సాంచా నడవకూడదు, వ్యాపారి సరుకు వెనక్కి కొట్టినా సరే. చిన్న షెడ్డును తనిఖీ చేయడానికి ఎవరూ రారు, చూసేదానివి నువ్వొక్కదానివే. చౌక నూలు దొరికితే మాత్రం నాకు చెప్పకుండా కొనకు.

ఇంకొక మాట. నీ జడ నడుము దాకా ఉంటుంది. షెడ్డులోకి అడుగుపెట్టే ముందు ముడి వేసి గుడ్డ కట్టుకో, చున్నీని గుమ్మం బయట మేకుకు తగిలించు. మోటారు బెల్టుకు జడ, చున్నీ ఒకటే. చెవులలో దూది పెట్టుకో. మీ నానమ్మ పిలిస్తే నాకు వినబడక, పట్టించుకోలేదని ఆమె ఎన్నేళ్లు అలిగిందో నీకు తెలుసు. నూలు దుమ్ముకు ముక్కుకు అడ్డం కట్టుకో. వెనుక ఇంట్లో పసిపిల్ల ఉంది, రాత్రి పది తర్వాత మోటారు వేయకు; అడగడానికి వాళ్లు మొహమాటపడతారు, నువ్వే ముందుగా వెళ్లి చెప్పు. పనిలో చేరే నేతగాడి ఇంటికి కూడా ఒకసారి వెళ్లి, వాళ్ల ఆడవాళ్లతో కూర్చొని రా.

శనివారం హుతాత్మా ఎక్స్‌ప్రెస్‌లో వస్తే రాత్రి పది దాటుతుంది. అన్నం పెట్టి ఉంచుతాను, తిని పడుకో, ఆ చీకట్లో షెడ్డు తెరవొద్దు. కిటికీ పక్క సాంచా కడ్డీకి ఎడమవైపు బోల్టు మర అరిగిపోయింది. నిన్న బజారుకు వెళ్లి కొత్తది తెచ్చి రేకు డబ్బాలో వేశాను. నా చేతులు ఈ మధ్య వణుకుతున్నాయి. తెల్లవారాక కడ్డీని నేను పట్టుకుంటాను, బోల్టు నువ్వు బిగించు.

మీ తాత