రాయిస్ వంశవృక్షం: తండ్రి 67వ హైన్రిఖ్, కొడుకు 14వ హైన్రిఖ్ ఎలా?

తండ్రి 67వవాడు, కొడుకు 14వవాడు అని చూపిస్తున్న మీ చార్టులో తప్పేం లేదు. జర్మనీకి చెందిన ఈ రాయిస్ రాజవంశంలో ఆ నంబరు గద్దె వరుస కాదు, పుట్టిన వరుస.

ఆ ఇంట మగపిల్లలందరికీ ఒకటే పేరు, హైన్రిఖ్. పాలించినా పాలించకపోయినా నంబరు పడాల్సిందే. మధ్యలో నంబర్లు కనబడటం లేదని వెతక్కండి, వాళ్లంతా తమ్ముళ్లు, బాబాయిల పిల్లలు.

1. ముందు శాఖ తేల్చుకోండి. 1564 పంపకాల్లో పెద్ద, నడిమి, చిన్న శాఖలయ్యాయి. నడిమిది 1616లో ఆగిపోయింది.

2. పెద్ద శాఖ 100 దాకా లెక్కపెట్టి మళ్లీ 1కి వచ్చేది. చిన్న శాఖలో శతాబ్దం మారితే చాలు, మళ్లీ 1. మీ చార్టులోని తండ్రీకొడుకులు చిన్న శాఖవాళ్లే: ఒకరు 1789లో, ఇంకొకరు 1832లో పుట్టారు. లెక్క సరిపోయింది కదా.

3. అందరూ వదిలేసేది ఇదే: పేరు పక్కన శాఖ, పుట్టిన ఏడాది రెండూ రాయాలి. 24వ హైన్రిఖ్‌నే చూడండి. 1855లో పుట్టినాయన చిన్న శాఖ, సంగీతకర్త. 1878లో పుట్టినాయన పెద్ద శాఖ. వంశవృక్షం సాఫ్ట్‌వేర్ ఇద్దరినీ డూప్లికేట్ అంటుంది. పొరపాటున కూడా మెర్జ్ నొక్కకండి, విడదీయడం నరకం.

4. మధ్యయుగంలోకి వెళితే వైడా, గెరా, ప్లావెన్ అనే పాత శాఖల్లోనూ హైన్రిఖ్‌లే. రాయిస్‌లు ప్లావెన్ నుంచి వచ్చినవాళ్లు, అటే పట్టుకెళ్లండి. అక్కడ నంబరు కంటే బిరుదు, చనిపోయిన ఏడాది నమ్ముకోవడం మేలు.