జడ విప్పేటప్పుడు ఏం జరిగిందో రాయి

చిరంజీవికి ఆశీస్సులు.

నీ స్క్రిప్టు పూర్తిగా చదివాను. మగపిల్లాడిగా పెరిగి, కూచిపూడిలో సత్యభామ వేషం కడుతూ కడుతూ, తను అమ్మాయినని తెలుసుకునే నీ నాయిక కథ రాయాల్సిన కథే. ఆ పిల్ల మీద నీకున్న ప్రేమ ప్రతి పేజీలోనూ కనపడుతోంది. అందుకే మొహమాటం లేకుండా చెబుతున్నాను. కథకి ప్రాణమని నువ్వు అనుకున్న సీనే నాకు నమ్మబుద్ధి కాలేదు.

ఆ సీనులో నీ నాయిక మొదటిసారి చీర కట్టి, జడ పెట్టుకుని, అద్దంలో చూసుకుని ఏడుస్తుంది. దాంతో చూసేవాళ్లకి విషయం అర్థమైపోవాలని నీ ఉద్దేశం. వేరే కథలో అయితే సరిపోయేదేమో గానీ కూచిపూడి కథలో సరిపోదు. ఆ నాట్యం పుట్టిన కూచిపూడి ఊళ్లో తరతరాలుగా ఆడవేషాలు కట్టింది మగవాళ్లే. అక్కడి కళాకారుల ఇళ్లలో పుట్టిన ప్రతి మగపిల్లాడూ జీవితంలో ఒక్కసారైనా సత్యభామ వేషం కట్టాలని సత్యభామ కథని 'భామాకలాపం'గా రాసిన సిద్ధేంద్రయోగి మాట తీసుకున్నాడని చెప్పుకుంటారు. వేదాంతం సత్యనారాయణ శర్మగారు (1935–2012) సత్యభామగా, 'ఉషాపరిణయం'లో ఉషగా ఎంత పేరు తెచ్చుకున్నారో నీకు తెలుసు. 1970లో ఆయనకి పద్మశ్రీ వచ్చింది. అదంతా విద్య. నడక, చూపు, నవ్వు, గొంతు అన్నీ గురువు దగ్గర ఏళ్ల తరబడి సాధన చేసి తెచ్చుకున్నవి. వేషం తీసేశాక ఇంటికెళ్లి భర్తలుగా, తండ్రులుగా మామూలుగా బతికినవాళ్లు ఎందరో.

కాబట్టి ఈ నాట్యంలో చీర దేనికీ రుజువు కాదు. నీ నాయిక పక్కన నేర్చుకుంటున్న కుర్రాళ్లు కూడా అదే చీర కడతారు, అదే జడ పెట్టుకుంటారు. మరి నీ నాయికకి మాత్రమే అందులో ఏం జరిగింది? వాళ్లకి కానిదేదో ఈమెకి అయింది కదా, అదేమిటి? నీ సినిమా మొత్తం ఆ ప్రశ్నకి జవాబు కావాలి. స్క్రిప్టులో మాత్రం ఆ ప్రశ్న ఎక్కడా రాలేదు.

నన్నడిగితే, వేషం కట్టేటప్పటి కంటే విప్పేటప్పుడు వెతుకు. ఆట అయిపోయింది. గ్రీన్‌రూములో తక్కిన కుర్రాళ్లు గబగబా జడలు లాగేసి, గజ్జెలు విప్పేసి, మొహాలు తుడుచుకుంటూ ఎప్పటి మాటల్లో పడిపోయారు. ఒకడు కాళ్లు బార్లా చాపుకుని ఫోన్ చూసుకుంటున్నాడు. చీర ఇంకా ఒంటి మీదే ఉంది, మనిషి మాత్రం సత్యభామలోంచి ఎప్పుడో బయటికొచ్చేశాడు. నీ నాయిక ఇందుకు సరిగ్గా తలకిందులు. జడ తీసేసింది, చీర మడిచి పెట్టేసింది, ప్యాంటూ చొక్కా వేసుకుంది. అయినా భుజాలు అలాగే ఉన్నాయి. లేచి నిలబడిన తీరు మారలేదు. బయట నాన్న పిలుపు వినపడగానే ఆ భుజాలు బిగుసుకుంటాయి, అడుగు బరువుగా పడుతుంది. అప్పుడు కదా ఆమె వేషం కట్టింది! ఈ సీనుకి అద్దం అక్కర్లేదు, ఒక్క డైలాగు కూడా అక్కర్లేదు.

గొంతు సంగతి కూడా ఆలోచించు. కూచిపూడిలో వాచికం ఉంది. పాత సంప్రదాయంలో పాత్ర కట్టినవాళ్లే మాట్లాడాలి, పాడాలి. సత్యభామ అలిగితే ఆ అలక గొంతులోకి రావాలి. దీన్ని నువ్వు పూర్తిగా వదిలేశావు. పదిహేనేళ్ల వయసులో గొంతు మారుతుంటే నీ నాయిక ఏమైపోయి ఉంటుంది? తోటి కుర్రాళ్లకి అది సాధనలో ఒక ఇబ్బంది, అంతే. గురువుగారు నాలుగు చిట్కాలు చెబుతారు, సర్దుకుంటారు. ఈమెకి మాత్రం తన ఇంట్లోంచి తననే వెళ్లగొట్టినట్టు ఉంటుంది. రిహార్సల్లో పల్లవి దగ్గర గొంతు జీరపోతే అందరూ నవ్వుతారు, ఆమె కూడా నవ్వాలి. ఆ నవ్వుని కెమెరాకి వదిలిపెట్టు. నీ అద్దం సీను చెయ్యాల్సిన పని ఇది చేస్తుంది.

ఇంకో మాట. నీ కథ ఆ భామాకలాపంలోనే ఉంది, నువ్వు బయటి నుంచి తేనక్కర్లేదు. మాధవిని చూడు. సత్యభామ దగ్గరున్నంతసేపూ చెలికత్తె మాధవి. కృష్ణుడి దగ్గరికి రాయబారానికి వెళ్లేసరికి మాధవుడు. నటుడు ఒక్కడే, మనిషీ ఒక్కడే. ఎవరి ముందు నిలబడ్డాడన్న దాన్ని బట్టి ఆడో మగో అవుతున్నాడు, దాన్ని ఎవరూ వింతగా చూడరు. ఇంత పాత నాటకం ఇంత తేలిగ్గా చేసేసిన పనిని నీ స్క్రిప్టులో ఒక్కచోటా వాడుకోలేదేం? రితుపర్ణ ఘోష్ 2012లో తీసిన బెంగాలీ సినిమా 'చిత్రాంగద' ఈ పనే చేసింది. ఆయనే నృత్య దర్శకుడి పాత్ర వేశాడు. ఒక పక్క ఠాగూర్ నృత్యనాటకం రిహార్సల్స్, ఇంకో పక్క ఆసుపత్రి, శస్త్రచికిత్స. తండ్రి కొడుకులా పెంచిన చిత్రాంగద, అర్జునుడి కోసం స్త్రీ సౌందర్యం ఇమ్మని మదనుణ్ని అడుగుతుంది కదా. ఆ కోరికకీ ఈ మనిషి కోరికకీ మధ్య సినిమా అటూ ఇటూ తిరుగుతుంది. నాట్యం అక్కడ పాటల కోసం పెట్టింది కాదు, కథే అది.

కెమెరా విషయంలో నువ్వు తప్పకుండా చూడాల్సింది లూకాస్ ధోంట్ తీసిన బెల్జియం సినిమా 'గర్ల్' (2018). మెచ్చుకోవడానికీ, జాగ్రత్తపడడానికీ కూడా. ట్రాన్స్ అమ్మాయి, అంటే నీ నాయికలాంటి పిల్లే, లారా బ్యాలే స్కూల్లో చేరుతుంది. మునివేళ్ల మీద నిలబడే సాధన మామూలుగా ఆడపిల్లలు చిన్నప్పటి నుంచే చేస్తారు. లారా ఆలస్యంగా మొదలుపెట్టింది. వేళ్లు నెత్తురోడుతుంటే టేపు చుట్టుకుని మళ్లీ లేస్తుంది. ఆ కాళ్లని చూస్తే చాలు, ఆమె ఏం పోగొట్టుకుందో తెలిసిపోతుంది. అదే సినిమాలో కెమెరా మాటిమాటికీ ఆమె నగ్న శరీరం మీద ఆగుతుంది, చివరికి ఆ శరీరానికి జరిగే హింసని చూపించేదాకా వెళుతుంది. చాలామంది ట్రాన్స్ విమర్శకులు దాన్ని తీవ్రంగా తప్పుపట్టారు. నేను వాళ్ల పక్షమే. నీ స్క్రిప్టులో స్నానాల గది సీను ఉంది చూడు, అది తీసెయ్యి. పాదాలు చెప్పగలిగిన చోట ఒంటిని ఆరా తియ్యక్కర్లేదు.

దాని బదులు భామ ప్రవేశం, అంటే సత్యభామ మొదటిసారి స్టేజీ మీదకి వచ్చే ఘట్టం రాయి. నువ్వు "సత్యభామగా అద్భుతంగా నాట్యం చేస్తాడు" అని ఒక్క లైనులో తేల్చేశావు. అలా రాస్తే షూటింగ్ రోజు డైరెక్టర్ చేతిలో ఏమీ ఉండదు. ఇద్దరు తెర పట్టుకుంటారు. ముందు జడ తెర మీదుగా ఇవతలికి పడుతుంది, కింద పాదాలు కనపడతాయి. జనానికి కనపడేది అంతే. నువ్వు కెమెరాని తెర వెనక పెట్టించు. అక్కడ ఆమెని చూసేవాళ్లు లేరు, మెప్పించాల్సినవాళ్లు లేరు. అయినా ఆమె సత్యభామలాగే ఊపిరి పీలుస్తోంది. షాట్ కట్ చెయ్యకు. గజ్జెల చప్పుడు, ఊపిరి, అవతల నుంచి నట్టువాంగం, అంటే గురువుగారి తాళాలు, జతులు. తెర దిగేలోపు మనకి తెలియాల్సింది తెలిసిపోవాలి.

నేను ఈ ఉత్తరం మొదటి నుంచీ 'నాయిక' అనే అంటున్నాను. నీ స్క్రిప్టులో యాక్షన్ లైన్లన్నీ "వచ్చాడు, కూర్చున్నాడు" అనే ఉన్నాయి, ఆమె తన సంగతి నోరు తెరిచి చెప్పాక కూడా. మన భాషలో ప్రతి క్రియా పక్షం తీసుకుంటుంది కాబట్టి యూనిట్ అంతా ఆమెని ఎలా చూడాలో ఆ లైన్లే నేర్పుతాయి. మొదటి సీను నుంచే "వచ్చింది" అని రాసెయ్యి. ఇంట్లోవాళ్లు "ఏరా" అంటూనే ఉండనీ, అది వాళ్ల డైలాగు.

ఇక క్లైమాక్స్. ఆడిటోరియం అంతా లేచి నిలబడి చప్పట్లు కొడుతుంది, నాన్న కళ్లు తుడుచుకుంటాడు. ఆ చప్పట్లు సత్యభామకి, ఈ పిల్లకి కాదు. ఆడవేషానికి మన జనం ఎప్పుడూ చప్పట్లు కొట్టారు. రవి జాదవ్ మరాఠీ సినిమా 'నటరంగ్' (2010)లో 'తమాషా' అనే మహారాష్ట్ర జానపద నాటకంలో నాచ్యా అనే ఆడంగి వేషం కట్టే గుణా మగవాడే, పెళ్లాం బిడ్డలున్నవాడే. అతని ఆటకి ఈల వేసిన లోకమే బయట అతన్ని బతకనివ్వలేదు. నాన్న కథ మారాలంటే అది స్టేజీ ఎదురుగా కాదు, ఇంట్లో, వేషం లేని రోజున, ఏదో చిన్న పని మధ్యలో మారాలి.

నువ్వు ట్రాన్స్ డాన్సర్లని కలిశావో లేదో ఉత్తరంలో రాయలేదు. కలవకపోతే తర్వాతి డ్రాఫ్టుకి ముందే కలువు. వాళ్ల టైముకి డబ్బివ్వు, స్క్రిప్టు చదివించు, కాదన్న చోట వాదించకు. భరతనాట్యంలో ట్రాన్స్ మహిళ నర్తకి నటరాజ్‌గారికి 2019లో పద్మశ్రీ వచ్చింది. ఆవిడ తంజావూరు కిట్టప్ప పిళ్లై దగ్గర ఏళ్లపాటు నేర్చుకున్న మనిషి. ట్రాన్స్ డాన్సర్లు దొరకరని నిర్మాత అంటే ఒప్పుకోవద్దు. ఈ పాత్రకి అలాంటి మనిషే కావాలని మొదటి మీటింగులోనే చెప్పు.

అంతా ఒకేసారి తిరగరాయకు. ముందు గ్రీన్‌రూము సీను, తెర వెనక సీను, ఈ రెండే రాసి పంపు. మాధవి సీను గురువుగారి పాత్రకి ఇస్తే ఎలా ఉంటుందో కూడా ఆలోచించు. ఆ పాత్ర నాకు బాగా నచ్చింది, ఆయనకి పని తక్కువైంది.

ఆశీస్సులతో,
నీ శ్రేయోభిలాషి