డేటాబేస్ లేని వికీ ప్రాజెక్టుతో ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మా అమ్మాయి బీటెక్ సీఎస్‌ఈ మూడో సంవత్సరం. ప్రాజెక్టు కోసం పైథాన్‌లో చిన్న వికీ రాస్తోంది. పేజీలన్నీ మామూలు టెక్స్ట్ ఫైళ్లలోనే ఉంటాయట, డేటాబేస్ లేదట. తోటివాళ్లు కొందరు డబ్బిచ్చి ఏఐ ప్రాజెక్టులు తెచ్చుకుంటున్నారు. నాది ఎరువుల దుకాణం, ఈ సంగతులు నాకు తెలియవు. మా అమ్మాయిని ఇది మానేయమని చెప్పాలా?
- ఒక తండ్రి, ఖమ్మం జిల్లా

జవాబు: దయచేసి మానేయమనకండి. కొని తెచ్చిన ప్రాజెక్టు గురించి ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే జవాబు ఉండదు. మీ అమ్మాయి చేతిలో ఉన్నది తను సొంతంగా రాసుకున్న పని. అది చిన్నదే కావచ్చు, కానీ అందులో ప్రతి వరుస ఎందుకు ఉందో తనకు తెలుసు.

ఎవరైనా పేజీ తెరిచి అక్కడికక్కడే దిద్దగలిగే వెబ్‌సైటును వికీ అంటారు. 1995లో అమెరికా ప్రోగ్రామర్ వార్డ్ కన్నింగ్‌హామ్ మొదటి వికీని తెచ్చారు. హొనొలులు విమానాశ్రయంలో తిరిగే బస్సు పేరును దానికి పెట్టుకున్నారు. హవాయి భాషలో ఆ మాటకు త్వరగా అని అర్థం. 2001 జనవరిలో వికీపీడియా మొదలైనప్పుడు దాన్ని నడిపిన యూజ్‌మాడ్‌వికీ అనే సాఫ్ట్‌వేర్ కూడా పేజీలను ఫైళ్లలోనే దాచేది. వాడకం పెరిగాక, 2002లో, డేటాబేస్‌కు, అంటే సమాచారాన్ని క్రమంగా దాచి వెతికిపెట్టే ప్రత్యేక సాఫ్ట్‌వేర్‌కు మారారు. 2004లో ఆండ్రియాస్ గోర్ మొదలుపెట్టిన డోకువికీ అనే వికీ సాఫ్ట్‌వేర్ నేటికీ ఫైళ్లతోనే పనిచేస్తోంది. అంటే డేటాబేస్ లేకపోవడం లోపం కాదు, తెలిసి చేసుకున్న ఎంపిక. ఫోల్డరును కాపీ చేస్తే బ్యాకప్ అయిపోతుంది. ఆ సాఫ్ట్‌వేర్ రేపు మూలపడినా పేజీలను ఏ ఎడిటరులోనైనా తెరిచి చదువుకోవచ్చు. అయితే ఆ ఎంపిక ఎక్కడిదాకా నిలుస్తుందో, ఎక్కడ విఫలమవుతుందో మీ అమ్మాయి చెప్పగలగాలి. నేర్చుకోవలసిన సరుకంతా అక్కడే ఉంది.

మీకు తెలిసిన ఉదాహరణే తీసుకుందాం. అప్పుల పుస్తకంలోని ఒకే పేజీని మీరూ గుమాస్తా చెరో కాగితం మీదికి ఎక్కించుకున్నారు. ఎవరి మార్పులు వారు చేసి, ఒకరి తర్వాత ఒకరు తెచ్చి పుస్తకంలో అతికించారు. చివర అతికించిన కాగితమే మిగులుతుంది, మొదటివారి లెక్క మాయమవుతుంది. ఇద్దరు ఒకే వికీ పేజీని ఒకేసారి దిద్దితే జరిగేది ఇదే. డోకువికీలో ఒకరు దిద్దుతున్నంతసేపు ఆ పేజీకి తాళం పడుతుంది. మరో దారి కూడా ఉంది: భద్రపరిచే ముందు, మనం తెరిచినప్పటి పేజీ ఇంకా అలాగే ఉందా అని సరిచూడడం. రాస్తుండగా కరెంటు పోతే ఫైలు సగంలో ఆగిపోకుండా, ముందు తాత్కాలిక ఫైలులో పూర్తిగా రాసి, ఆ తర్వాత దాని పేరు మార్చి పాతదాని స్థానంలో పెట్టాలి. డేటాబేస్‌లు లోలోపల ఇలాంటి జాగ్రత్తలే తీసుకుంటాయి. చేత్తో ఒకసారి చేసి చూసినవారు ఆ పాఠాన్ని ఇక మరువరు.

పేజీల పేర్లు తెలుగులో పెట్టి చూడమనండి. నాకు ఎంతో ఇష్టమైన పరీక్ష ఇది. అక్షరాలను కంప్యూటరులో దాచే యూనికోడ్ యూటీఎఫ్-8 పద్ధతిలో మన అక్షరం, గుణింతపు గుర్తు, సున్న, పొల్లు ఒక్కొక్కటీ 3 బైట్లు తీసుకుంటాయి. లినక్స్‌లో సాధారణంగా ఫైలు పేరుకు పరిమితి 255 బైట్లు. ‘ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ చట్టం’ అనే పేరులో ఖాళీలు కాక 33 గుర్తులున్నాయి. నేరుగా రాస్తే 99 బైట్లు, ఇబ్బంది లేదు. కానీ వెబ్ చిరునామాల్లో లాగా శాతం గుర్తులతో మార్చి దాస్తే ఒక్కో బైటు మూడవుతుంది కాబట్టి ఒక్కో గుర్తుకు 9 బైట్ల చొప్పున 297 అవుతాయి, ఫైలు తయారే కాదు. ఆంగ్ల పేర్లతో మాత్రమే పరీక్షించినవారికి ఈ తప్పు కంటపడదు. పేజీ పేరులో చుక్కలు, ఏటవాలు గీతలు (../) చొప్పించి పై ఫోల్డర్లలోని ఫైళ్లను ఎవరైనా చదవగలరేమో కూడా తప్పక చూడాలి. భద్రత గురించి అడిగినప్పుడు చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు.

ఒక్క మాట దాచకుండా చెప్పాలి. ఈ ప్రాజెక్టు ఒక్కటే ఉద్యోగం తెచ్చిపెట్టదు. క్యాంపస్ పరీక్షల్లో డేటా స్ట్రక్చర్లు (సమాచారాన్ని అమర్చే పద్ధతులు), ఎస్‌క్యూఎల్ (డేటాబేస్‌ను ప్రశ్నలడిగే భాష) అడుగుతారు, వాటికి రోజూ సమయం పెట్టాలి. అందుకే ఫైళ్లతో వికీ పూర్తయ్యాక, అదే వికీని ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్‌తో మరోసారి రాయమనండి. వెయ్యి పేజీల్లో ఒక మాట వెతకడానికి ఏది ఎంత సమయం తీసుకుందో కొలిచి రాసుకోవాలి. ‘డేటాబేస్ ఎందుకు వాడలేదు?’ అని ఎవరు అడిగినా సొంత అంకెలతో జవాబివ్వగలుగుతుంది. కోడ్‌ను నలుగురూ చూసేలా గిట్‌హబ్ అనే వెబ్‌సైటులో పెట్టి, ఎలా నడపాలో ఒక పేజీ వివరణ చేర్చాలి. తోటి విద్యార్థులు పదిమంది ల్యాబ్ నోట్సు కోసం ఒక నెలపాటు వాడితే, వాళ్లు పట్టిచ్చే తప్పులు ఏ పుస్తకంలోనూ దొరకవు.

మొదటి వాడకందారు మీరే కండి. ఈ ఆదివారం మీ ఫోనులో, అమ్మాయి ల్యాప్‌టాప్‌లో ఒకే పేజీ తెరవండి. మీరొక వాక్యం చేర్చండి, తననూ ఇంకో వాక్యం చేర్చమనండి. ఇద్దరూ భద్రపరిచాక పేజీని మళ్లీ తెరిచి, రెండు వాక్యాలూ ఉన్నాయో లేదో చూడండి.